ఆట నడుస్తుండగా వచ్చిన అక్షరాలు

రుమానా ఫోన్ చేసేసరికి నేను గడప దగ్గర కూర్చుని బీడీలకు ఆకు కత్తిరిస్తున్నాను. బోధన్ నుంచి ఆ పిల్ల నాకెప్పుడూ ఫోన్ చేయదు. చేస్తే మా కొడుకు ధనుంజయ్‌కే చేస్తుంది. తెర మీద ఆ పేరు చూడగానే చేతిలో కత్తెర జారి చాటలో పడింది. మోర్తాడ్‌లో ఒక బడికి కెమెరాలు బిగించే పని ఉందని మా వాడు పొద్దున్నే బండి మీద పోయాడు. ఆర్మూర్ దాటాక ఆ రోడ్డు మీద లారీలు ఎట్లా వస్తాయో నాకు తెలుసు, మా ఆయన బాలన్న తోలేది కూడా పసుపు లారీయే. వాడు ఎక్కడో పడ్డాడని, వాడి ఫోన్ ఎవరికో దొరికిందని, ఆ ఎవరో ఈ పిల్లకు చెప్పారని, పచ్చ బటన్ ఒత్తేలోపే కథంతా అల్లుకున్నాను.

"ఆంటీ, అబ్బా పోయిండ్రు" అంది రుమానా.

నా కొడుకు కాదు. ముందు నాకు తోచింది అదే. ఆ పిల్ల తండ్రి అయ్యూబ్ సార్ ముఖం ఆ తరువాత కళ్ళముందుకొచ్చింది.

ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఎప్పుడు, ఎట్లా అని అడిగి ఉంటాను. మళ్ళీ స్ట్రోక్ వచ్చిందట. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయిందట. ఆ పిల్ల ఏడవడం లేదు. ఏడ్చే పని తరువాత పెట్టుకున్నట్టు గబగబా మాట్లాడుతోంది.

"ఆంటీ, ధనూ ఫోన్ కలుస్తలేదు. మీ ఇంట్ల మిషన్ నడుస్తుందా? బంద్ చేసిండా?"

"నడుస్తుంది బిడ్డా. పొద్దున ఆట పెట్టి పోయిండు."

"దాన్ని ఎవ్వరిని ముట్టనియ్యకుండ్రి. అబ్బా పడిపోయే ముందు దాని మీదనే ఏందో రాస్తుండెనట, అమ్మీ చూసింది. ఇక్కడిదేమో, అబ్బాను మోసుకుపోయేటప్పుడు ఎవరో మెయిన్ బంద్ చేసిండ్రు. అంత పోయింది. అబ్బా రాసింది ఉంటే మీ దాంట్లనే ఉండాలె. ధనూ వచ్చేదాంక జర చూసుకోండ్రి."

"చూసుకుంట బిడ్డా" అన్నాను. ఫోన్ పెట్టాక లోపలికి పోయి తలుపు పక్కనే నిలబడ్డాను. దగ్గరికి పోవాలంటే భయం వేసింది. నా కాలు తగిలి ఏ తీగ ఊడుతుందో అని.

ఆ మిషన్ సంగతి చెప్పకపోతే ఆ పిల్ల అడిగింది అర్థం కాదు. మేము మొదట బోధన్‌లోనే ఉండేవాళ్ళం. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు మా ఆయన చెరుకు లారీ తోలాడు. అయ్యూబ్ సార్ ఇల్లు మా వీధి చివర, ఆయన భార్య మెహరున్నిసాను మేమంతా ఆపా అనేవాళ్ళం. సార్ ఒక బడిలో కంప్యూటర్ చెప్పేవారు. ఇప్పటి కంప్యూటర్లు కావు. అక్షరాల మీటలున్న మందపాటి డబ్బా ఒకటి, టీవీకి తగిలిస్తే అదే కంప్యూటర్. బడివాళ్ళు వాటిని పాత సామాను కింద తీసేస్తుంటే సార్ రెండు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. మా వాడు బడి విడవగానే సంచి పారేసి వాళ్ళింటికి ఉరికేవాడు. ఫ్యాక్టరీ మూతబడి మేము నిజామాబాద్‌కు వచ్చేస్తుంటే, సార్ ఒక డబ్బాను దుప్పట్లో చుట్టి పసిపిల్లను ఇచ్చినట్టు వాడి ఒళ్ళో పెట్టారు. అది పేలుతుందని, కరెంటు కొడుతుందని, వాడి కళ్ళు పోతాయని, ఈ పిచ్చి చూసి ఎవరూ పిల్లనివ్వరని నేను భయపడని రోజు లేదు.

నిరుడు సార్‌కు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. చెప్పాలనుకున్నది రాయమని రుమానా ఫోన్ ఇస్తే, ఆ గాజు మీద ఎడమ చేతి వేలు జారి ఒక అక్షరానికి ఇంకో అక్షరం పడేదట. రెండు రోజులు చూసి ఫోన్‌ను గోడకు విసిరారట. మా వాడు చూడటానికి పోయి, అటక మీదున్న ఆయన డబ్బా దించి మంచం పక్కన పెట్టాడు. దాని మీటలు లోతుకు దిగుతాయి, ఒత్తితే టక్కుమంటాయి. ఆ వేలికి అవి ఎరుకే. ఒక్క వేలితో, ఆగి ఆగి, కూతురి పేరు కొట్టారు సార్.

ఆ తరువాతే ధనుంజయ్ రెండిళ్ళలోనూ మోడెం పెట్టాడు. చిన్న డబ్బా అది. నెట్టు మీదనే పోతుందట కానీ పాత ఫోన్ లైను మీద మాట్లాడుకుంటున్నామని మిషన్ నమ్ముతుందట. కలిసేటప్పుడు గొట్టంలో పిల్లి అరిచినట్టు కూత పెడుతుంది. మొదటిసారి విని నేను స్విచ్ తీసేయబోయాను. "అమ్మా, అది సచ్చిపోతలేదు, సార్‌కు సలాం చెప్తుంది" అని మా వాడు నవ్వాడు. అట్లా బోధన్‌లో సార్ కొట్టిన అక్షరం నిజామాబాద్‌లో మా టీవీ మీద పడేది. ఉర్దూనే, ఇంగ్లీషు అక్షరాలలో.

ఒకటే చిక్కు. ఆ మిషన్ ఒక్కసారి ఒక్క పనే చేస్తుంది. లైను కలిపి కూర్చుంటే మాట్లాడటమే, ఇంకేమీ కాదు. సార్‌కు చదరంగం ఆట కావాలి. ఆయన పడుచు వయసులో తానే రాసుకున్న ఆట, అది నడిచే డిస్క్ డబ్బా మా దగ్గరే బాగుంది. అందుకని మా వాడు ఒక ఉపాయం చేశాడు. సార్ తన ఎత్తు రాసి పంపుతారు. వీడు లైను తెంపకుండా మాటల పనిని పక్కన పెట్టి, మిషన్‌లో ఆట తెరిచి, సార్ ఎత్తు వేస్తాడు. మిషన్ గంటల తరబడి ఆలోచిస్తుంది. దాని జవాబు వచ్చాక మళ్ళీ మాటల్లోకి పోయి సార్‌కు పంపుతాడు.

"మరి అది ఆలోచించేటప్పుడు సార్ ఏమన్న రాస్తే?" అని నేను అడిగాను. నాకు అట్లాంటివే తోస్తాయి.

"మోడెం లైను పట్టుకునే ఉంటది అమ్మా. వచ్చిన అక్షరాలు లోపట ఒక చిన్న అర్రల వరుసగ నిలబడుతయి. నేను ఆట ముగించి పోయినంక ఒక్కొక్కటి బయటికొస్తయి."

"అర్ర నిండితే?" అన్నాను, అది కూడా మా గదిలాంటిదే అనుకుని.

"నిండినంక వచ్చినయి వచ్చినట్టే పోతయి. సార్ ఒక్క వేలుతోని కొడుతుండు, ఏడ నిండుతదే."

పైగా సార్‌కు ఒక పద్ధతి ఉండేది. ఎవరింటికి పోయినా తలుపు తట్టి, లోపలి నుంచి జవాబు వచ్చాకే అడుగు పెట్టాలి. తన బడి పిల్లలకు అక్షరాల కంటే ముందు అదే నేర్పేవారట. లైను మీద కూడా అంతే. ముందు ఏమీ రాయకుండా ఎంటర్ మీట ఒత్తాలి. అవతల తెర మీద ఖాళీ వరుస ఒకటి పడుతుంది. అది దస్తక్, తలుపు తట్టడం. అవతలివాళ్ళు 'జీ' అని కొట్టాక మాట మొదలుపెట్టాలి. జీ రాకపోతే కాసేపు ఆగి మళ్ళీ తట్టాలే కాని, ఒక్క అక్షరం కొట్టకూడదు.

ఒకరోజు మా వాడు నా వేలు పట్టుకుని దస్తక్ కొట్టించాడు. వెంటనే అవతలి నుంచి ఏదో వచ్చింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"జీ, ఎవరని అడుగుతుండు" అన్నాడు మా వాడు. మా అమ్మ అని వాడే కొట్టాడు. చాలాసేపటికి ఇంకో వరుస వచ్చింది. అది చదివి నవ్వి, "నీ కొడుకు మంచిగనే ఉన్నడు, భయపడకు అని చెప్తుండు" అన్నాడు.

జీ రాకున్నా సార్ నేరుగా రాసేయవచ్చు కదా, వచ్చాక చదువుకుంటానని మా వాడు ఆయనకు ఎన్నోసార్లు చెప్పాడు. తలుపు తీయని ఇంట్లో మాట్లాడితే గోడలతో మాట్లాడినట్టని జవాబు ఇచ్చారట.

ఇదీ సంగతి. ఆ పొద్దున కూడా సార్ తన ఎత్తు పంపారు. మా వాడు దాన్ని ఆటలో వేసి, సాయంత్రం వచ్చి చూస్తానని మోర్తాడ్ పోయాడు. టీవీ మీద గళ్ళ బల్ల, మూలకు ఒక తెల్లటి చుక్క. మిషన్ ఆలోచిస్తున్నంతసేపూ ఆ చుక్క ఆరి వెలుగుతుంటుంది. నేను గోడకు చేరగిలబడి ఆ చుక్కనే చూస్తూ కూర్చున్నాను.

ధనుంజయ్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. నిచ్చెన ఎక్కి ఉంటాడు అనుకున్నాను. నిచ్చెన జారి ఉంటుందని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. తలుపు టపటపా కొట్టుకుంది. ఆ గాలితోటే కరెంటు పోయింది. నా గుండె కూడా పోయిందనుకున్నాను కానీ చుక్క ఆరలేదు. ఇన్వర్టర్ అందుకుంది. ఆ ఇన్వర్టర్ బ్యాటరీ పాతది. నీళ్ళు పోయాలని మా వాడు పది రోజులుగా అనుకుంటూనే ఉన్నాడు. లేచి ఫ్యాను తీసేశాను, లైట్లు తీసేశాను. చెయ్యి వేసిన ప్రతి స్విచ్‌నూ రెండుసార్లు చూసుకుని తీశాను. తీశాక వెనక్కి తిరిగి చుక్క ఉందా లేదా చూశాను.

ఇంతలో పక్కింటి లింగవ్వ కొంగు నెత్తిన వేసుకుని వానలో వచ్చింది. నాకంటే పెద్దది, ఇద్దరం ఒక్క ఖార్ఖానాకే బీడీలు చేస్తాం.

"శీకట్ల ఏం కూసున్నవే గోదారీ, దయ్యం లెక్క. లైటెయ్యి, నాలుగు కట్టలు సుట్టుకుందాం" అంటూ స్విచ్ బోర్డు మీదికి చెయ్యి చాచింది.

నేను ఉరికి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి ఇడువు. నేనేమన్న నీ పెండ్లికొడుకునా, గంత గట్టిగ పట్టుకుంటివి."

"లైటెయ్యకు అక్కా. బ్యాటరీ అయిపోతది. ఆ మిషన్ నడవాలె."

లింగవ్వ టీవీ వైపు చూసింది. "ఆటనా? నీ కొడుకు ఆడుకునే ఆటకు కావలి కాస్తున్నవా? సంసారం సక్కగున్నది."

సార్ పోయిన సంగతి చెప్పాను. ఆయన రాసింది అందులో ఉందని చెప్పాను. బోధన్‌లో సార్ ఇంటి ముందు కూర్చుని ఆమె కూడా ఒకప్పుడు చాయ్ తాగింది, నా వెంట ఆ ఊరు వచ్చినప్పుడు. కొంగు దించి గడప మీద కూర్చుంది. కాసేపటికి, "మనిషి లేకున్న మాట ఉంటదానే దాంట్ల?" అని అడిగింది. ఎగతాళికి అనలేదు.

"ఉంటదట అక్కా. తీగ పీకకుంటే ఉంటదట."

అప్పుడే ఉరిమింది. మా ఇంటి మీదనే పగిలినట్టు ఉరిమింది. నేను పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి ఉరిమితే ఇంట్లో ఒక్క తీగ గోడకు ఉండనివ్వను. టీవీ, ఫ్రిజ్, ఫోన్ ఛార్జర్, అన్నీ పీకి చుట్టి పెడతాను. మా ఆయన నవ్వుతాడు, కొడుకు నవ్వుతాడు, అయినా పీకుతాను. ఇప్పుడు కూడా నా చెయ్యి దానంతటదే పోతోంది.

"పీకవే" అంది లింగవ్వ. "పిడుగు తీగెల పొంటి వస్తది. రేపు నీ ఇల్లు కాలితే సారు రాసింది సదువుకుంటవా?"

"పీకితే ఆ పిల్లకు ఏం చెప్పాలె అక్కా?"

"పీకకుంటే నీ కొడుకుకు ఏం చెప్తవు?"

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదానితో ఒకటి పట్టుకుని కూర్చున్నాను. మెరుపు మెరిసినప్పుడల్లా టీవీ మీది బల్ల తెల్లబడేది. కళ్ళు మూసుకునేదాన్ని. తెరిస్తే చుక్క ఉండేది. లింగవ్వ గడప వెలుతురులో బీడీలు చుడుతూ, లేచి పోకుండా నా దగ్గరే ఉంది. నడుమ నడుమ నా వైపు చూసి, "ఉన్నదా?" అని అడిగేది. "ఉన్నది" అనేదాన్ని.

వాన తగ్గుముఖం పడుతుండగా ఇన్వర్టర్ కుయ్‌కుయ్ అనడం మొదలుపెట్టింది. బ్యాటరీ చివరికి వస్తే అట్లా అంటుందని నాకు తెలుసు. ఇంకెంతసేపు అంటుందో తెలియదు. దేవుళ్ళందరి పేర్లూ తలుచుకున్నాను. సార్ దేవుడిని ఎట్లా పిలవాలో తెలియక, సార్‌నే తలుచుకున్నాను.

బండి చప్పుడైంది. ధనుంజయ్ హెల్మెట్ కూడా తీయకుండా లోపలికి వచ్చాడు. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"నడుస్తుందా?"

"నడుస్తుంది. ఎవ్వరం ముట్టలే."

వాడికి అప్పటికే తెలుసు. నిచ్చెన దిగి ఫోన్ తెరిచేసరికి రుమానా మెసేజ్ ఉందట. వాడి కళ్ళల్లో నీళ్ళు లేవు. ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. నా కొంగుతో చేతులు తుడుచుకున్నాడు, వేళ్ళ సందులు కూడా తుడుచుకున్నాడు. మిషన్ ముందు కూర్చుని బల్ల వైపు చూశాడు.

"ఇప్పుడు ఆపితే ఆట పోతది అమ్మా. సార్ గెలిచేటట్టు ఉండె."

ఒక మీట ఒత్తాడు. గళ్ళ బల్ల మాయమైంది. ఇంకేదో కొట్టాడు. పొద్దున ఇద్దరూ రాసుకున్న మాటలు తెర మీదికి వచ్చాయి. వరుసలు వరుసలుగా ఉన్నాయి. వాడు తల ముందుకు వంచాడు. నేనూ లింగవ్వా వెనక నిలబడ్డాం.

పొద్దున రాసిన మాటల్లో పై వరుస పైకి జరిగి పోయింది. తరువాత ఇంకో వరుస. ఎవరో లోపలి నుంచి చాప లాగుతున్నట్టు తెర పైపైకి జరుగుతోంది, కింద ఖాళీ వస్తోంది. పొద్దుటి మాటలన్నీ ఒక్కొక్కటిగా పై అంచు దాటి వెళ్ళిపోయాయి. చివరికి ఏమీ లేదు. నల్లటి తెర, కింద గీత ఒకటి ఆరి వెలుగుతోంది. అయినా ఖాళీ జరుగుతూనే ఉందని మా వాడి కళ్ళు చూస్తే తెలిసింది. కాసేపటికి ఆగింది.

"ఏం రాసిండు బిడ్డా?" అన్నాను.

"దస్తక్."

"ఆఁ?"

"అన్ని దస్తక్‌లే అమ్మా. తలుపు కొట్టిండు. అర్ర నిండేదాంక కొట్టిండు."

"తర్వాత?"

"నిండినంక వచ్చినయి పోతయని చెప్పిన గద. తర్వాత ఏమన్న రాసిండో, రాయలేదో, ఇగ ఎవ్వలకు తెల్వది."

"రాసి ఉండడు బిడ్డా" అన్నాను. "నువ్వు జీ అనక ముందు ఆయన ఎన్నడన్న రాసిండా?"

ఓదార్పు అనుకునే అన్నాను. వాడు నా ముఖం వైపు చూసిన చూపుకు, అనకుండా ఉండవలసిందని తెలిసింది. రాసి ఉంటే ఆ మాటలు పోయాయి. రాయకపోతే వీడి జీ కోసం చూస్తూ పోయారు. నా కొడుకు ఈ రెండింటిలో ఏది నమ్ముకుని బతకాలి?

ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోయింది. టీవీ ఆరిపోయింది.

లింగవ్వే ముందు తేరుకుంది. "లే బిడ్డా. మట్టికి పోవాలె గద. తల్లిని బండెక్కించుకో, ఒక్కనివి పోకు" అంది. వాడిని ఒంటరిగా పంపడానికి ఆమె కూడా నాలాగే భయపడిందని నాకు అప్పుడు తెలిసింది.

బోధన్ దారిలో ఎడపల్లి దాటాం. తడిసిన రోడ్డు, పక్కన అక్కడొకటి ఇక్కడొకటి చెరుకు మళ్ళు. వాడి చొక్కా వెనక నుంచి రెండు చేతులతో పట్టుకున్నాను. ఒకచోట బండి నెమ్మది చేసి, నా వైపు తిరగకుండా అన్నాడు.

"ఆట పెట్టకుంటే బాగుండు అమ్మా."

"ఆయనే పెట్టమన్నడు గద."

"నేను తెర ముందట కూసుంటే మొదటి దస్తక్‌కే తెలుస్తుండె. ఊకె అన్నిసార్లు కొట్టడు ఆయన. ఆపా మిద్దె మీదున్నదట. నేను ఫోన్ చేస్తుంటి, ఆపా కిందికొస్తుండె."

చొక్కా ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను.

సార్ ఇంటి ముందు టార్పాలిన్ కట్టారు. మగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. అత్తరు వాసన, అగరొత్తుల వాసన. మమ్మల్ని చూసి రుమానా లోపలి నుంచి వచ్చి, పక్క సందులోకి తీసుకుపోయింది. ముఖం ఉబ్బి ఉంది. పొద్దుటి నుంచి మా వాడి కోసమే కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిందని తెలుస్తోంది.

"దొరికిందా?" అంది.

ధనుంజయ్ చెప్పాడు. దాచలేదు, ఒక్క మాట కలపలేదు. ఖాళీ వరుసలే ఉన్నాయని, అది దస్తక్ అని, అర్ర నిండిపోయిందని చెప్పాడు. "నేను లేకుంటి రుమానా" అన్నాడు చివరికి. అప్పుడు ఏడ్చాడు. నా కొడుకు ఏడుస్తుంటే ప్రాణం లేచి వచ్చినట్టయింది నాకు.

రుమానా గోడకు చెయ్యి ఆనించుకుంది. తరువాత మా ఇద్దరికీ వినపడేంత మెల్లగా అంది.

"అమ్మీకి చెప్పొద్దు. అమ్మీ మీదికి పోయే ముందు పక్కనే ఉండె. అబ్బా రాస్తుండు అనుకున్నది. పిలుస్తుండు అని తెలిస్తే అమ్మీ బతకది ధనూ."

"అడుగుతది గద."

"అడుగుతది. పొద్దటి సంది అదే అడుగుతుంది."

పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయ్యాక మగవాళ్ళు జనాజా ఎత్తారు. మా వాడూ భుజం ఇచ్చాడు. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది. ఆడవాళ్ళం లోపల మిగిలాం. మెహరున్నిసా ఆపా సార్ మంచం పక్కన, నేల మీద కూర్చుని ఉంది. మంచం అంచునే ఆ డబ్బా ఉంది. మీటల మీద ఎవరో తువ్వాలు కప్పారు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. చాన్నాళ్ళ తరువాత చూడటం. ముఖం చిక్కిపోయింది.

"గోదావరీ, వచ్చినవా" అని నా చెయ్యి తీసుకుంది.

తరువాత ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"మబ్బు పట్టింది. మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టి ఉంటిని. పోదామని ఇటు చూస్తే ఆయన కొడుతుండు, టక్ టక్ టక్ అని. రోజు ఎట్ల కొడుతుండెనో తెలుసు గద నీకు? ఒకటి కొట్టి ఊపిరి తీసుకుంటుండె. ఇయ్యాల వేలు ఆగుతనే లేదు. వేలుకు బలమొచ్చింది, అల్లా దయతల్చిండు అనుకున్న. ఖుష్ అయిన గోదావరీ. రాసుకోనీ అని మీదికి పోయిన."

నా చేతిలో ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఎందుకు ఖుష్ అయ్యావని ఆమెను ఎవరూ ఎన్నడూ అడగకూడదని మొక్కుకున్నాను. చెంబు పట్టుకుని వచ్చిన రుమానా గుమ్మంలో ఆగిపోయింది.

"ఏం రాసిండ్రట?" అంది ఆపా. "ధనూ చూసిండట గద. ఈ పోరి ఏం చెప్తలేదు. నువ్వు అబద్ధం ఆడవు. ఏం రాసిండ్రు?"

ఎవరు ఏమడిగినా చెడ్డదే ముందు తోచే నోరు నాది. ఆ నోటికి ఆ పూట ఏమీ తోచలేదు. గుమ్మంలో ఆ పిల్ల కళ్ళు నా మీదే ఉన్నాయి.

"అంత ఇంగ్లీషు అక్షరాలే ఉంటయి ఆపా దాంట్ల" అన్నాను. "నాకు చదవరాదు."

"నాకూ రాదు" అంది ఆమె. ఆ మాటకు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కొంతసేపటికి మళ్ళీ అడిగింది. "పొడుగ్గ ఉండెనా?"

"పొడుగే ఉండె ఆపా. టీవీ నిండ ఉండె."

"ఉంటది. అంతసేపు కొట్టిండు గద" అంది. కళ్ళు తుడుచుకుని, డబ్బా మీది తువ్వాలును అంచులు సమంగా ఉండేట్టు సర్దింది. "ఇప్పుడే అడగకు ధనూను. పోరని మనసు మంచిగ లేదు. ఇద్దత్ అయ్యేదాంక, నాలుగు నెలల పది దినాలు, నేను ఈ ఇల్లు కదలను, ఏడికి పోత? ఎన్నడన్న ఒకనాడు నిమ్మళంగ వచ్చి, కూసోని, మొత్తం చదివి చెప్పమను. తొందరేం లేదు."

"సరే ఆపా" అన్నాను. "చెప్త."

రుమానా గ్లాసులో నీళ్ళు పోసి, మా ఇద్దరి వైపూ చూడకుండా ముందు తల్లికి ఇచ్చింది.